పుట్టగొడుగుల కూర

అనగనగా సముద్రాల అవతల రోము అనే పట్నంలో గావియస్ అని ఓ పెద్ద ఆసామి. ఈ సంగతులన్నీ మీ తాతయ్య బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పే రోజుల్లో నేను విన్నవే. ఆ కాలంలో అక్కడ మనుషుల్ని సంతలో గొడ్లని కొన్నట్టు కొనేవాళ్ళు. వంటకో బానిస, వాకిలి ఊడవడానికో బానిస, అయ్యగారి చెప్పులు మొయ్యడానికి ఇంకో బానిస. ఊ కొడుతున్నారా?

గావియస్ ఇంట్లో వంట హిలారాది. నిండు చూలాలు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే, అదీ వాళ్ళ చట్టం. మొదటి కాన్పులో పుట్టిన పిల్లని నడక రాగానే గావియస్ ఎవరికో అమ్మేశాడు. పాపం, ఈ బిడ్డనైనా దక్కించుకోవాలంటే పురుడొచ్చేలోగా తను బానిస కాకుండా పోవాలి.

వాళ్ళలో ఓ ఆనవాయితీ ఉంది. యజమాని నలుగురి ఎదుటా బానిసని పక్కన కూచోబెట్టుకుని భోంచేస్తే, విడుదల ఇచ్చినట్టే. ఈ మాట హిలారా వడ్డిస్తూ వడ్డిస్తూ చెవిన వేసుకుంది.

గావియస్‌కి పుట్టగొడుగులంటే ప్రాణం. తినాలంటే మాత్రం విషమేమోనని భయం. ఐదుగురు పెద్దమనుషులు విందుకొచ్చిన రోజున హిలారా ఆ కూరే వండింది. రుచి చూడమన్నాడు. కడుపుతో ఉన్నాను, నాకొద్దయ్యా అంది.

ఇంకేముంది, అనుమానం పట్టుకుంది. తినాల్సిందే అన్నాడు. వంటింట్లో తింటానంది. ఇక్కడే తినమన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి తింటానంది. కూచుని తినమన్నాడు. కింద కూచుంటానంది. నా పక్కన కూచోమన్నాడు. మీ పక్కనేనా అయ్యా అని అందరికీ వినపడేలా అడిగింది. నా పక్కనే, నా పళ్ళెంలోనే అన్నాడు దద్దమ్మ. వెళ్ళి కూచుంది. ఓ ముద్ద ఆమె, ఓ ముద్ద వాడు, కూరంతా అయిపోయింది.

అతిథుల్లో ముసలి న్యాయాధికారి ఒకాయన చెయ్యి కడుక్కుంటూ, ఎంత పెద్ద మనసయ్యా నీది, మా అందరి ముందూ వంటమనిషికి విడుదల ఇచ్చావు అన్నాడు. గావియస్ గతుక్కుమన్నాడు. విషానికి జడిసి కూచోబెట్టానంటే పరువు పోతుంది. అవునవును, అందుకే కూచోబెట్టానన్నాడు.

మొదటి పిల్ల దొరికిందా అంటావా, వైదేహీ? లేదమ్మా. నీకు అబద్ధం చెప్పను. ఆ తల్లీపిల్లలు నాకిప్పటికీ గుర్తొస్తుంటారు. అందుకే మనింట్లో పనిచేసే మాణిక్యాన్ని విడిగా కూచోనివ్వను, మనతోపాటే తింటుంది.

విందు జరిగిన తొమ్మిదో రోజున హిలారాకి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని అలవాటు కొద్దీ బిడ్డని ఎత్తుకుని అయ్యగారికి చూపించడానికి లేచింది. హిలారా రెండు చేతులూ చాపి, ఇటియ్యి, ఇది నా పిల్ల అంది.

కథేమో కంచికి బయల్దేరింది, మీరేమో దుప్పట్లోకి దూరండి.