స్ట్రెచర్ మీద గురువు

లారీ డ్రైవర్ ఓబులేసుకు క్లోమగ్రంథి వాచింది. వీపులోకి పొడుచుకుపోయే కడుపునొప్పి, రక్తపరీక్ష రెండూ ఆ మాటే చెప్పాయి. అయినా యశోధర మనసు ఊరుకోలేదు. ఆ వార్డులో పెద్ద చదువు చదువుతున్న యువవైద్యురాలు ఆమె. కంటికి కనిపించని జబ్బును నమ్మడం ఆమెకు చేతకాదు. లోపల గ్రంథి ఎంత చెడిందో తెలుసుకోకుండా సెలైన్ ఎక్కిస్తూ కూర్చుంటే మనిషి దక్కడేమోనని భయపడింది. గురువు కరీముల్లాగారు రాకముందే సీటీ స్కాన్‌కు ఏర్పాటు చేసి, స్ట్రెచర్ తెప్పించింది.

ఆయన వచ్చారు. రోగిని పరీక్షించారు. స్ట్రెచర్ వంక చూశారు. నింపాదిగా వెళ్లి దాని మీద తానే కూర్చున్నారు.

ఓబులేసు బావమరిది చెన్నకేశవులుకు ఒళ్లు మండింది.

"ఏం సార్, నొప్పి మీకా, మా బావకా? పెద్దూర్లో అయితే గేటుకాడనే స్కాన్ తీస్తారంట."

"తీస్తారు నాయనా. నేను తీయను."

యశోధర ఎదురు తిరిగింది. రేపు ఏదైనా జరిగితే ఎందుకు తీయలేదని లోకమంతా మనల్నే నిలదీస్తుందంది. పెద్దవారి మొండితనానికి రోగి బలి కాకూడదని కూడా అనేసింది. ఆయన లేవలేదు.

"మూత్రం ఎంత పోశాడమ్మా?"

ఆమెకు తెలియదు. పొద్దున్నుంచి స్కాన్ గది చుట్టూ తిరుగుతూ మంచానికి వేలాడుతున్న సంచి వంక చూడనేలేదు. వంగి చూసింది. అడుగున కాస్త, ముదురు రంగులో. ఒంట్లో నీరు చాలడం లేదని అర్థమై ఆయన చెప్పినంత మేర సెలైన్ వేగం పెంచింది.

గ్రంథిలో చచ్చిన భాగం తొలిరోజుల్లో స్కాన్‌కు సరిగా చిక్కదని, ఇప్పుడు బాగున్నట్టు కనిపించినా దాన్ని నమ్మడానికి లేదని ఆయన చెన్నకేశవులుకు ఓపికగా చెప్పారు. అతను తల ఊపలేదు. వార్డు బయట చాప పరుచుకుని కాపలా కూర్చున్నాడు.

వారం గడిచింది. ఓబులేసు లేచి కూర్చున్నాడు. గంజి తాగి, ఇది లారీ రేడియేటర్‌లో పోసేదానికి కూడా పనికిరాదని నర్సును ఆటపట్టించాడు. ఆ మర్నాడు చలిజ్వరం వచ్చింది. నొప్పి తిరగబెట్టింది.

కరీముల్లాగారు వెంటనే స్కాన్ తీయాలన్నారు. ఈసారి చెన్నకేశవులు అడ్డుపడ్డాడు. వద్దని మీరే అంటిరి కదా, మా బావను ఇంటికి పిలుచుకొని పోతామన్నాడు. ఆయన కదలనివ్వలేదు.

యశోధర ఉండబట్టలేకపోయింది.

"ఆ రోజు నేనెంత అడిగినా ఒప్పుకోలేదు. ఇవాళ ఎవరు వద్దన్నా వినడం లేదేం సార్?"

కాలిపోతున్న ఓబులేసు నుదుటి మీది చెయ్యి తీయకుండానే ఆయన అన్నారు:

"ఆ రోజు అడిగింది నువ్వమ్మా. ఇవాళ ఇతను అడుగుతున్నాడు."