బరువెక్కిన తాడు

గవరయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏదైనా అడిగితే అక్కడికక్కడ జవాబు చెప్పేవాడు కాదు. ముప్పై ఏళ్లు రేవులో మూటలు మోసి, సమ్మెల్లో లాఠీదెబ్బలు తిన్న మనిషి. ఉపదేశాల మీద ఆయనకు పెద్ద నమ్మకం లేదు. పని మానాక విశాఖ బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున పరుగు నేర్పేవాడు. తిట్లకు మాత్రం ఏనాడూ లోటు చెయ్యలేదు.

కనకరత్నం ఆయన దగ్గర చేరి ఎనిమిది నెలలైంది. నలభై రెండేళ్ల ఆర్టీసీ కండక్టరు. వచ్చే ఆదివారం హాఫ్ మారథాన్, ఇరవై ఒక్క కిలోమీటర్లు. ఆమెకు అదే మొదటిది. బుద్ధెరిగిన నాటి నుంచీ ఇంటి కోసం, పిల్లల కోసం తప్ప కాలు కదపని మనిషి తన ముచ్చట కోసం తలపెట్టిన పని అదొక్కటే. డిపోలో అందరికీ చెప్పేసింది కూడా. "ఆ మాత్రం దూరానికి మన బస్సుంది కదా అక్కా, ఎందుకీ ఆయాసం?" అని డ్రైవర్లు ఏడిపిస్తే నవ్వి ఊరుకునేది. కానీ సాధనలో మూడుసార్లు పదహారో కిలోమీటరు దగ్గరే నిలబడిపోయింది. మూడుసార్లూ ఆటోలోనే ఇల్లు చేరింది.

మంగళవారం పొద్దున ఆమె మాస్టారి ఎదుట నిలబడింది.

"పదహారు దాకా గాలిలో తేలినట్టే ఉంటుంది మాస్టారూ. ఆ పైన కాళ్లు ఇనపగుండ్లయిపోతాయి. అప్పుడు ఆగాలా, సాగాలా? నావల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి. నలుగురిలో నవ్వులపాలు కాకుండా పేరు తీయించుకుంటాను."

"నొప్పా, బరువా?"

"నొప్పేం లేదండీ. బరువే."

"రేపు ఆరింటికి జాలరిపేట ఒడ్డుకు రా. చెప్పులు తేకు."

ఆమె వెళ్లేసరికి జాలర్లు అలివి వల వేసి ఉన్నారు. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వచ్చింది. వల రెండు కొసల తాళ్లూ ఒడ్డున ఉన్నాయి. ఒక్కో తాడుకు ఇరవై మంది. మాస్టారు అప్పటికే లుంగీ ఎగ్గట్టి ఒక తాడు పట్టుకున్నాడు. తన వెనక చోటు చూపించాడు.

"చేతుల్తో కాదమ్మా, నడుం వాల్చి లాగు!" అని అరిచాడు ఎల్లాజీ. వల ఆయనది, అక్కడ మాట కూడా ఆయనదే. ఒకడు పదం అందుకుంటే అందరూ హైలెస్సా అంటూ వెనక్కి అడుగులేస్తున్నారు. వరస చివరికి చేరినవాడు తాడు వదిలి, నీళ్ల అంచుకు పరుగెత్తి మళ్లీ పట్టుకుంటున్నాడు. గంట గడిచింది. తాడు హాయిగా వస్తోంది. కనకరత్నం గొంతు కూడా పాటలో కలిసింది.

అంతలో తాడు బిగుసుకుంది. అందరి మడమలూ ఇసుకలో దిగబడిపోయాయి. ఎంత వాలినా జానెడు రావడం లేదు. వల బండకు పట్టేసిందనుకుంది ఆమె. ఇక తెగడమే తరువాయి. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"హోల్డాన్! హోల్డాన్!"

ఆ కేక విని వరస వరసంతా బ్రేకు వేసినట్టు ఆగిపోయింది. చేతులు సడలాయి. తాడు సర్రున బారెడు వెనక్కి, సముద్రంలోకి జారింది.

"ఎవులే అది?" ఎల్లాజీ ఎగిరిపడ్డాడు. "సముద్రంలో బస్సాపుతావేటి?"

"రాయికి పట్టుకుంది బాబూ, వల తెగిపోతుందని..."

"రాయేటి, నీ మొహం! ఇంతసేపూ నీళ్లు లాగినావు. ఇప్పుడు సేపల్ని లాగుతున్నావు. ఇప్పుడొగ్గేస్తావేటి?"

ఆమె మొహం ఎర్రబడింది. ఒక్క ఉదుటున తాడు మీద పడి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, అదే గొంతుతో "రైట్! రైట్!" అని కేక పెట్టింది. కుర్రా ముసలీ అందరూ పకపకా నవ్వారు. హైలెస్సా పోయి రైట్ రైట్ వచ్చింది. జానెడు. మూరెడు. అరచేతులు మండుతున్నాయి, పిక్కలు వణుకుతున్నాయి, అయినా ఎవ్వరూ వదలడం లేదు. అవతలి తాడు వాళ్లూ రైట్ రైట్ అనేశారు. కెరటం విరిగింది. నురగలోంచి వల సంచి పొర్లుకుంటూ వచ్చి ఒడ్డున పడింది. నెత్తళ్లు, కవళ్లు, వెండి రాశి పోసినట్టు, ఎగిరెగిరి పడుతున్నాయి. పైన గద్దలు, కింద గంపలతో ఆడవాళ్లు, ఎటు చూసినా కేకలే. అన్నిటికంటే పెద్ద కేక కనకరత్నానిది.

కాస్త ఊపిరి కుదుటపడ్డాక ఆమె చేతులు ఉప్పునీళ్లలో కడుక్కుంటూ మాస్టారి వైపు తిరిగింది. కళ్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి, గొంతులో మాత్రం పెంకితనం.

"వల బరువెక్కితే అందులో చేపలున్నాయి, సరే. మరి ఆదివారం నా కాళ్లు బరువెక్కినప్పుడు వాటిలో ఏముంటుంది మాస్టారూ?"

గవరయ్య లుంగీ అంచు పిండుకుంటూ అన్నాడు:

"నాకేం తెలుసమ్మా? నువ్వు ఒక్కసారైనా ఒడ్డుకు లాగితే కదా!"