చివరి బండి వచ్చేదాకా

ఉరుకుందుకు అనుమానం పట్టుకుంది. మామూలు అనుమానం కాదు. దాని బరువుకు వాడి మోటారుసైకిలు వెనక టైరు సగం అణిగిపోయింది. వెనక సీటులో కూర్చున్నది నేనే కాబట్టి ఆ బరువు నాదని గిట్టనివాళ్ళు అంటారు.

ఏటా శ్రావణంలో మా గురువు హుసేనయ్య బండి వెంట ఆదోని నుంచి బీదరు దాకా పదకొండు బండ్లు పోతాయి. దారిలో ప్రతి దర్గా దగ్గరా ఆగుతూ నాలుగు రోజుల ప్రయాణం. రాయచూరు దాటితే లోకమంతా కంది చేనే. ఆ ఏడు వాన చినుకు ఒక్కొక్కటి చెంబెడుంది.

ముందు గురువు బండి. మలుపు వస్తే ఆయన చెయ్యెత్తుతాడు. వెనకున్నవాడు అక్కడ ఆగి, వచ్చేవాళ్ళకు దారి చూపిస్తూ నిలబడాలి. చివరి బండి వచ్చేదాకా కదలకూడదు. ఫోన్లు మొదటి రోజే గురువు సంచిలోకి పోతాయి.

గురువుకు చూపు మసకబారింది. వచ్చే ఏడు ముందు బండి ఎవరిదో బీదరులో చెబుతానన్నాడు. తొమ్మిదేళ్ళ శిష్యుడు ఉరుకుందు అది తనదే అనుకున్నాడు. కానీ నమ్మినవాడికే ఇచ్చే చివరి బండిని గురువు నిరుడు చేరిన తిక్కయ్యకు అప్పగించాడు. పైగా ఎక్కడ దిగినా తిక్కయ్య నేరుగా గురువు దగ్గరికి పోయి చెవిలో ఏదో ఊదుతాడు.

మూడో రోజు పొద్దున ఉరుకుందు ఉండబట్టలేక అడిగేశాడు.

"సామీ, తిక్కయ్య నా మీద ఏం చెప్తాండాడు?"

గురువు తడిసిన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఈ పొద్దు దిగినాక నా పక్కన కూర్చో. నువ్వే విందువులే."

ఉరుకుందు నా దగ్గరికి వచ్చి గుసగుసలాడాడు. "చూస్తివా అవ్వా, సామి కాదనలేదు!"

"కాదనలేదంటే ఉన్నట్టేరా," అని నేనూ కాస్త రాజేశాను. అంత దూరం పొద్దుపోవాలి కదా.

మధ్యాహ్నం, మూడు మట్టిదారులు కలిసిన చోట గురువు చెయ్యెత్తాడు. ఉరుకుందు, నేను ఆగాం. తొమ్మిది బండ్లు ఒక్కొక్కటే వచ్చి మా చెయ్యి చూసి గురువు పోయిన దారి పట్టాయి. తిక్కయ్య రాలేదు.

అరగంట నిలబడ్డాం. నాకైతే అరయేడు. నా చెవుల్లో కందులు మొలకెత్తేంత వాన.

"వాడు రాడు అవ్వా," అన్నాడు ఉరుకుందు. "కాలవ గట్టున అడ్డదారి పట్టి, ఈపాటికి సామి పక్కన కూర్చోనింటాడు. నేను ఈడ దిష్టిబొమ్మ మాదిరి నిలబడుకోవల్ల!"

"దిష్టిబొమ్మకైతే తలకాయకి కుండన్నా ఉంటాది," అన్నాను.

వాడు నవ్వలేదు. బండి స్టార్ట్ చేశాడు.

"రేయ్, చివరి బండి రాలేదురా!"

"వస్తావా, ఈడే ఉంటావా?"

ఎక్కాను. అందులో నా పాపమూ ఉంది.

ఒక ఊరి బడి వసారాలో అందరూ దిగి ఉన్నారు. తిక్కయ్య లేడు. ఉరుకుందు వసారా ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. బడి గదుల్లోకి కూడా తొంగి చూశాడు. 

గురువు బండ్లు లెక్కపెట్టుకున్నాడు. మమ్మల్నేమీ అడగలేదు. ఇద్దరిని వెతకడానికి పంపాడు.

"నేను పోతా సామీ," అన్నాడు ఉరుకుందు.

గురువు వాడి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "వచ్చేదాకా ఉండు."

టీ వచ్చింది. ఉరుకుందు తాగలేదు. దారి మీద బండి చప్పుడు వినబడినప్పుడల్లా లేవబోయేవాడు. గురువు చెయ్యి వదల్లేదు.

రెండు గంటల తర్వాత వాళ్ళు తిక్కయ్యను తెచ్చారు. పంక్చరు వేయించుకుని మూడుదారుల దగ్గరికి వచ్చాడట. అక్కడ ఎవరూ లేరు. తప్పుదారిన పోయి రేగడిలో దిగబడ్డాడట. ముగ్గురూ కలిసి బండిని తోసుకొచ్చారు. చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నల్లమట్టి గట్టిపడి, చక్రం తిరగడమే మానేసింది. ఆ మట్టితో ఒక ఇల్లు కట్టుకోవచ్చు, అరుగుతో సహా.

తిక్కయ్య నేరుగా గురువు దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే వంగాడు. ఉరుకుందు పక్కనే ఉన్నాడు. వాడి పక్కన నేను.

"మలుపుల కాడ అందరూ నిలబడినారా?" అని గురువు మెల్లగా అడిగాడు.

"నిలబడినారు సామీ. నేనే దారి తప్పినా."

"ఉరుకుందు?"

"నిలబడినాడు సామీ."

"ఇంకేమన్నా ఉందా?"

"ఇంకేముంటాది సామీ, దినామూ చెప్పేదే గదా." తిక్కయ్య తలగుడ్డ పిండుకుంటూ టీ కోసం పోయాడు.

గురువు అప్పుడు ఉరుకుందు చెయ్యి వదిలాడు.

ఉరుకుందు లేచి వానలోకి పోయాడు. తిక్కయ్య బండి పక్కన గొంతుకూర్చుని, చక్రం సందులో వేళ్ళు పెట్టి మట్టి పీకసాగాడు. రేగడి జిగురు మీకు తెలుసో లేదో, గోళ్ళు ఊడివస్తాయి. నాకు మనసొప్పక ఒక ఇనుప చువ్వ వెతికి పట్టుకుని బయలుదేరాను.

"అవ్వా," అన్నాడు గురువు. "చువ్వ ఆడ పెట్టు. చేతుల్తోనే తియ్యనీ."