రిజర్వులో పడ్డ తవిటయ్య

బొబ్బరవలసలో అందరికంటే తెలివైనవాళ్ళం మేమేనని కూర్మయ్య ఇంట్లో ముగ్గురికీ గట్టి నమ్మకం. కూర్మయ్యకి అనుమానం వస్తే పెళ్ళాం చిట్టెమ్మని అడిగేవాడు. చిట్టెమ్మకి అనుమానం వస్తే మరిది తవిటయ్యని అడిగేది. తవిటయ్యకి అసలు అనుమానమే వచ్చేది కాదు. అందుకే వాణ్ణి మిలటరీ విమానం నడిపే శిక్షణకి పంపించారు.

ఆరు నెలలకి వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అన్నయ్యా, నన్ను రిజర్వులో పెట్టారట. శనివారం సాయంత్రం ఐదు లోపల యాక్టివ్ డ్యూటీకి మారకపోతే విమానం ఇవ్వరట, ఇంటికి పంపేస్తారట. ఇంత కష్టపడి ఎగరడం నేర్చుకుని మళ్ళీ నడిచి రావాలా?"

కూర్మయ్య నవ్వాడు. "ఇరవై ఏళ్ళుగా మోటారుసైకిలు నడుపుతున్నాను. పెట్రోలు తగ్గి రిజర్వులో పడ్డదాన్ని ఏం చెయ్యాలో నాకు ఒకడు చెప్పాలా?"

అంతే. శనివారం పొద్దున్నే మొగుడూ పెళ్ళాం శిక్షణ కేంద్రం దగ్గర బస్సు దిగారు.

"ముందు ట్యాంకు నింపాలి" అన్నాడు కూర్మయ్య. చిట్టెమ్మ మరిది చేత మూడు చెంబుల మజ్జిగ తాగించింది.

"ఇప్పుడు పక్కకి వంచి ఊపాలి." ఇద్దరూ కలిసి వంచారు, ఊపారు.

"లోపల ఏమైనా కదిలిందేటి, తవిటీ?"

"గుడగుడమంటోంది వదినా."

"అయితే పని జరుగుతోంది. ఇక పెట్రోలు నాబు తిప్పడమే. అది ఎడమపక్కన ఉంటుంది" అంటూ కూర్మయ్య తమ్ముడి ఎడమ చెవి పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. తవిటయ్య కుయ్యోమన్నాడు.

"స్టార్టయింది" అంది చిట్టెమ్మ.

ఆ కేకకి శిక్షణ ఇచ్చే ఆఫీసరు బయటికొచ్చాడు. సంగతంతా విని తల పట్టుకున్నాడు. "చెవి తిప్పితే మారడమేంటయ్యా! దరఖాస్తు పెట్టాలి. ఫైలు పైకి వెళ్ళాలి. పై నుంచి ఆర్డరు రావాలి. అర్థమైందా?"

"ఓస్, అంతేనా!" అన్నారు ముగ్గురూ.

ఇంకేముంది! తవిటయ్య దరఖాస్తు రాశాడు. కూర్మయ్య దాన్ని ఫైల్లో పెట్టి విమానాల షెడ్డు మీదికి విసిరాడు. ముగ్గురూ మెడలు పైకెత్తి కూర్చున్నారు. నాలుగున్నరకి ఆఫీసరు మళ్ళీ వచ్చాడు.

"ఫైలేదీ?"

"పైకి వెళ్ళిపోయిందండి."

"ఎవరి దగ్గరుంది?"

"ఇందాక ఒక కాకి చూసిందండి. ఏమీ రాయకుండానే పోయింది."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. తవిటయ్య బుర్ర ఎలా ఉన్నా, విమానం మీద చెయ్యి మాత్రం మంచిది. పంపెయ్యడానికి ఆయనకి మనసొప్పలేదు. పై ఆఫీసర్లకి ఫోను చేసి సరేననిపించుకున్నాడు. నిచ్చెన వేయించుకుని షెడ్డెక్కాడు, అక్కడే సంతకం పెట్టి, ఐదుకి రెండు నిమిషాలుందనగా కాగితం కిందికి వదిలాడు.

"వచ్చింది, వచ్చింది! పై నుంచే వచ్చింది!" అని ముగ్గురూ గంతులేశారు.

సోమవారం తవిటయ్య డ్యూటీ ఎక్కాడు. ముందు సీట్లో తవిటయ్య, వెనక సీట్లో ఆఫీసరు. తమ్ముడి డ్యూటీ చూసి పోదామని ఆగిన కూర్మయ్య దంపతులు మైదానం గట్టున కూర్చున్నారు. విమానం మబ్బుల దాకా వెళ్ళింది. తవిటయ్య ఎంత చక్కగా నడిపాడంటే, ఆఫీసరు ముచ్చటపడిపోయాడు.

"శభాష్! ఐదయింది. ఇక విమానం నేను చూసుకుంటాను. నువ్వు డ్యూటీ దిగు" అన్నాడు.

"చిత్తం సార్" అని తవిటయ్య దిగిపోయాడు.

వీపుకి పారాచూట్ ఉంది కాబట్టి సరిపోయింది. వాడు మెల్లగా ఊగుతూ వచ్చి అన్నావదినల ముందు వాలాడు. ఆ వెనకే ఆఫీసరు విమానం దింపి పరిగెత్తుకొచ్చాడు.

"దిగమంటే గాల్లో దిగుతావురా! నిన్ను రిజర్వులోంచి తీసిందీ నేనే, మళ్ళీ రిజర్వులో పడేసేదీ నేనే!"

కూర్మయ్య పెళ్ళాం వైపు చూశాడు. "విన్నావుటే? నాబు ఈయన దగ్గరుందట. మొన్న ఉత్తిపుణ్యానికి మనవాడి చెవి నలిపాం."

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదా బాబూ" అని చిట్టెమ్మ మజ్జిగ చెంబు ఆయన నోటికి పెట్టింది. తవిటయ్య ఆయన్ని మర్యాదగా పక్కకి వంచాడు. కూర్మయ్య ఎడమ చెవి అందుకున్నాడు.

ఆఫీసరు అర చుట్టుకే స్టార్టయ్యాడు.