చెరకుపేటలో తప్పుల్లేని పదకొండు రోజులు

"ఏడు రక్తనిధుల్లో ఏ మూల ఏ తప్పు నక్కి ఉన్నా నా కన్ను దాటి పోలేదండీ," అని ఆదిశేషు ఆ ఉదయం విశ్వపతి మాస్టారి బల్ల ముందు నిలబడి ప్రకటించాడు. ప్రకటన పూర్తయ్యాక కిందికి చూసుకుంటే చొక్కా గుండీ ఒకటి తప్పి, కుడి అంచు కిందికి వేలాడుతోంది. "ఇది మాత్రం మన లెక్కలోకి రాదు," అని తనే చేర్చాడు.

మాస్టారు నవ్వలేదు. పాతికేళ్లు పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి, ఆ తర్వాత ఈ కార్యాలయానికి పెద్దగా వచ్చిన మనిషి ఆయన. ఏడు ఊళ్ల రక్తనిధులకు ఏడు డేటాబేసులు. వాటిలో దాతల పేర్లు, రక్తం గ్రూపులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. గ్రూపు గడి ఖాళీగా వదిలేసిన దాత, వచ్చే ఏడాది పుట్టబోతున్నట్టు నమోదైన దాత, అంకెలు తగ్గిన ఫోన్ నంబరు, ఇలాంటివన్నీ రోజూ పొద్దున్నే పట్టి చూపించే నాణ్యత రిపోర్టు నడపడం ఆదిశేషు పని. ఏడాదిగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. మాస్టారికో అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాడి చేత ఏదో ఒక పని చేయించి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడంలోనే జవాబు ఉందని కొందరు, జవాబు తెలియకే ఊరుకుంటారని ఆదిశేషు.

ఆ ఉదయం అతని దగ్గర ఓ ప్రశ్న కూడా ఉంది. ఏడు ఊళ్లకూ కలిపి మాస్టారు ఎప్పుడో రాసిన రిపోర్టు ఒక్కటే. అందులో ఏ డేటాబేసు చిరునామా కనిపించదు. చిరునామా ఉండవలసిన చోట ఉత్త పేరొకటి ఉంటుంది. ఏ ఊరికి ఏ చిరునామా, ఏ పాస్‌వర్డు అన్నది పక్కనే ఓ చిన్న సెట్టింగుల ఫైలులో రాసి ఉంటుంది. ఫలానా ఊరు అని చెబితే చాలు, రిపోర్టు ఆ ఫైలు చూసుకుని ఆ ఊరి తలుపు తడుతుంది. పైన వేసుకునే శీర్షిక కూడా అక్కడి నుంచే తెచ్చుకుంటుంది. మాస్టారు ఆ ఉత్త పేరును చలరాశి అంటారు, ఇప్పటికీ నల్లబల్ల ముందున్నట్టే.

ఆదిశేషుకు ఇదంతా చాదస్తంగా తోచింది. రెండు వారాల కిందట ఆ రిపోర్టును ఏడు కాపీలు తీసి, ఏ ఊరి కాపీలో ఆ ఊరి పేరూ చిరునామా నేరుగా రాసేశాడు. ఒక్క నొక్కు, రిపోర్టు సిద్ధం. మాస్టారికి చెప్పే చేశాడు. ఆయన "ఊఁ" అన్నారు.

"ఒకటి అడుగుతానండీ, ఏమీ అనుకోకండి," అన్నాడిప్పుడు. "నేను మా ఇంటికి వెళ్లాలంటే వెళ్లిపోతాను కదా. ముందు జేబులోంచి చీటీ తీసి, అందులో మా ఇల్లెక్కడుందో చదువుకుని వెళ్లను కదా. చిరునామా రిపోర్టులోనే రాసేస్తే పోయేదానికి, పక్కన ఇంకో ఫైలు పెట్టి ఈ తిరుగుడంతా ఎందుకండీ?"

మాస్టారు అతని వంకర చొక్కా వైపు చూశారు. ఏదో అనబోయారు. ఈలోగా ఫోన్ మోగింది.

ప్రసూతి ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ. తెల్లవారుజామున కాన్పయిన ఒకామెకు రక్తస్రావం ఆగడం లేదు. గ్రూపు చూస్తే బాంబే. పదివేల మందిలో ఒకరికి ఉంటే ఉంటుంది. ఇంకే గ్రూపు రక్తమూ వాళ్ల ఒంటికి సరిపడదు. "మీ ఏడు ఊళ్లలో ఒక్కరున్నా చాలు మాస్టారూ. సాయంత్రం దాకా లాక్కొస్తాను, అంతకు మించి మాటివ్వలేను," అందావిడ.

ఏడు డేటాబేసులనూ ఒకేసారి వెతికే తెర ఒకటుంది, అదీ మాస్టారు రాసిందే. ఆదిశేషు వెతికాడు. నిమిషంలో ఒకే ఒక్క పేరు వచ్చింది. అప్పలకొండ, చెరకుపేట, పదకొండు రోజుల కిందటి రక్తదాన శిబిరంలో నమోదు. ఆదిశేషు ఆనందంగా ఫోన్ అందుకుని అంకెలు నొక్కుతూ పోయి, చివర్లో ఆగిపోయాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తొమ్మిదే ఉన్నాయి.

"ఇలా ఉండదండీ," అన్నాడు. "రోజూ చూస్తున్నాను. రేవు ఊళ్లో లాగే చెరకుపేటలోనూ తప్పులు సున్నా. పదకొండు రోజులూ సున్నాయే."

"చెరకుపేటలో మొత్తం దాతలెందరు?" అన్నారు మాస్టారు.

ఆదిశేషు తన రిపోర్టు తెరిచాడు. "నాలుగు వేల రెండు వందల పదహారు."

"రేవులో?"

రేవు ఊరి రిపోర్టు తెరిచి చదవబోయిన వాడి నోరు సగంలో ఆగింది. అక్కడా నాలుగు వేల రెండు వందల పదహారే. కాపీ తీసినప్పుడు పైన ఊరి పేరు మార్చాడు, లోపల చిరునామా మార్చలేదు. రెండు వారాలుగా చెరకుపేట టోపీ పెట్టుకున్న రిపోర్టు రోజూ పొద్దున్నే రేవుకు వెళ్లి "అంతా బాగేనా?" అని అడిగి, బాగేనని విని వస్తోంది. సున్నా పక్కన సున్నా ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

మాస్టారు తిట్టలేదు. తిడితే బాగుండునని ఆదిశేషు అనుకున్నాడు. నమోదులో ఇంటి నంబరు లేదు, వీధి లేదు. చెరకుపేటలో అప్పలకొండలు వీధికి ముగ్గురు. మాస్టారు ఒక పాత కవరు వెనక్కి తిప్పి పెన్సిలు తీశారు.

"ఒక అంకె పోయింది. ఎక్కడ పోయిందో తెలియదు, ఏదో తెలియదు. ఉన్న తొమ్మిదీ సరైనవే అనుకుందాం. మొదట ఆరు కంటే చిన్న అంకె వస్తే అది సెల్ నంబరే కాదు." పెన్సిలు కాసేపు నడిచింది. "ఎనభై అయిదు. అంతకు మించి ఒక్కటి కూడా లేదు. నలభై మూడు నీవి, నలభై రెండు నావి."

ఒక మనిషి ఈ భూమ్మీద ఎక్కడ ఉన్నాడో తెలియని స్థితి నుంచి, ఎనభై అయిదు గుమ్మాల్లో ఒకదాని వెనక ఉన్నాడని తేలడానికి కవరు వెనకభాగం సరిపోయింది. ఆదిశేషు ఆ కవరు వంక చూస్తూ ఉండిపోయాడు. మాస్టారు "చెయ్యి" అనేదాకా చేతులు కదల్లేదు.

మొదట కలిసినవాడు కొబ్బరికాయల వ్యాపారి. "రక్తం సంగతి నాకు తెలీదు బాబూ. బొండాలు కావాలంటే ఇప్పుడే బండెక్కిస్తాను." తర్వాత నాలుగు మోగి మోగి ఆగాయి. తర్వాత ఒక ముసలమ్మ. "ఏ అప్పలకొండ నాయనా? మా తమ్ముడా? వాడు పోయి మూడేళ్లయింది. నువ్వెవరి అబ్బాయివి?" ఆదిశేషు తండ్రి పేరు చెప్పాడు. ఆవిడ తాత పేరు అడిగింది. "ఆవిడకో దణ్ణం పెట్టి తర్వాతది చెయ్యి," అన్నారు మాస్టారు, తన ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టుకుని.

పొద్దున పదకొండు గంటలు దాటింది. ఆదిశేషు తన ముప్పై ఒకటో నంబరు కలిపాడు.

"అప్పలకొండ గారేనాండీ?"

"నానే. సెప్పండి."

"మొన్న శిబిరంలో రక్తం ఇచ్చారు కదండీ. మళ్లీ ఇంత తొందరగా అడగకూడదు గానీ..."

"మొన్న సూది గుచ్చి పరీచ్చ సేసి పంపీసారు. మీ రగతం ఏరే రకం, అవసరవైతే పిలుత్తాం అన్నారు." అవతల మోటారేదో ఆగింది. "ఎక్కడికి రావాల?"

ఎవరికి, ఎందుకు అని అతను అడగలేదు. పన్నెండున్నరకల్లా చేతులకు ఇంకా గ్రీజు ఉండగానే ఆసుపత్రి మెట్ల దగ్గర దిగాడని డాక్టరమ్మ కబురు చేసింది.

ఆ తర్వాత ఆదిశేషే తన ఏడు కాపీలనూ ఒక్కొక్కటిగా చెరిపేసి, పాత రిపోర్టు బయటికి తీశాడు. చిరునామా ఉండవలసిన చోట ఉన్న ఆ ఉత్త పేరును కాసేపు చూశాడు. ఏడాదిగా చూస్తున్నదే. ఇవాళ మాత్రం దానిలో ఏమీ లేకపోవడమే దాని బలమన్నట్టు కనిపించింది.

చెరకుపేట అన్నాడు. మూడు వేల నూట ఎనిమిది మంది దాతలు, పదిహేడు తప్పులు. రేవు అన్నాడు. నాలుగు వేల రెండు వందల పదహారు, సున్నా. మిగిలిన అయిదు ఊళ్లూ ఒక్కొక్కటే అన్నాడు. రిపోర్టులో ఒక్క అక్షరం మారలేదు. సెట్టింగుల ఫైలులోంచి పేరూ చిరునామా కలిసే వచ్చాయి, ఒకటి వచ్చి ఒకటి మిగిలిపోయే వీల్లేదు. అదే ప్రశ్న ఏడు తలుపుల దగ్గర నిలబడితే ఏడు ఊళ్లూ ఏడు రకాలుగా, ఎవరి సంగతి వాళ్లు చెప్పుకున్నాయి. మొదటిసారి సముద్రం చూసినవాడిలా కూర్చున్నాడు ఆదిశేషు. అంతసేపు మాట్లాడకుండా అతన్ని చూడడం మాస్టారికీ అదే మొదటిసారి.

అయిదింటికి ఫోన్ వచ్చింది. రక్తం ఎక్కించారు. ఆమె కళ్లు తెరిచి, బిడ్డను పక్కలో వెయ్యమని అడిగిందట.

ఆదిశేషు కళ్లు తుడుచుకుని, చెరకుపేట పదిహేడు తప్పులనూ దిద్దడానికి కూర్చుని పైకి చదవసాగాడు. "దాత, అప్పలకొండ. గ్రూపు, బాంబే. ఫోన్, తొమ్మిది అంకెలు. నమోదు చేసినవారు..." అక్కడ గొంతు తగ్గింది. ఆ గడిలో రెండే పొడి అక్షరాలున్నాయి, ఈ ఆఫీసులో అందరికీ తెలిసినవి. పొద్దుటి ఆదిశేషయితే ఇంటికి వెళ్లేదాకా నవ్వేవాడు. "ఎవరో కొత్తవాళ్లయి ఉంటారండీ," అన్నాడు మెల్లిగా.

మాస్టారు కవరును నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"కొత్తవాళ్లు కాదు. నేనే. పాతికేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, పది దాకా లెక్కపెట్టలేకపోయాను." లేచి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "ఆ రిపోర్టు రాసుకున్నది నన్ను పట్టుకోవడానికేనయ్యా. నువ్వు దాన్ని రేవుకు పంపించావు."