పుల్ల కరుచుకున్న గోరువంక

అనగనగా ఒక అడవిలో ఒక కాలేజీ ఉండేది. అడవిలో కాలేజీ ఏమిటని నవ్వకండి. మనకున్నట్టే వాటికీ చదువులుంటాయి, పరీక్షలుంటాయి, తప్పడాలూ ఉంటాయి. ఆ కాలేజీ ఒక రాతిగుట్ట నీడలో నడిచేది. అక్కడ నేర్పేది మనసు గురించి, మెదడు గురించి. భయం ఎందుకు వేస్తుంది, నిద్ర ఎందుకు వస్తుంది, పోయినేడు తిన్న పండు రుచి ఇప్పటికీ ఎలా గుర్తుంటుంది, ఇలాంటివన్నమాట. పట్నంలో వీటినే సైకాలజీ అనీ, న్యూరోసైన్స్ అనీ అంటారు. పేరేదైతేనేం, కష్టమైన చదువే.

మేష్టారు ఒక ముసలి ఎలుగుబంటి. పాఠం మధ్యలో ఖళ్ళుఖళ్ళుమని దగ్గుతూ ఉండేవారు. కోపిష్ఠి కాదు గానీ మొహమాటం బొత్తిగా లేదు. మూడుసార్లు పరీక్ష తప్పినవాళ్ళు ఇంటిదారి పట్టాల్సిందేనన్నది ఆయన పెట్టిన నియమం.

కింది తరగతిలో చారులత అనే ఉడత ఉండేది. అది సరదాకి చదువులో చేరలేదు. వేసవిలో ఒక డేగ వాళ్ళమ్మ మీద వాలి, గోళ్ళతో పట్టుకుని పైకెగిరింది. అదృష్టం బాగుండి ఆ తల్లి పట్టు జారి పొదలో పడింది. గాయం మానింది. కానీ ఆనాటి నుంచి తొర్ర దాటి బయటికి రావడం మానేసింది. ఆకు కదిలినా వణికేది. కూతురు తెచ్చిపెడితే తినేది, లేకపోతే పస్తుండేది. ఇరుగుపొరుగు ఉడతల్లో కొన్ని గాలి సోకిందన్నాయి. కొన్ని అవన్నీ వేషాలన్నాయి. ఆ మాటలు వినీ వినీ చారులతకి ఒళ్ళు మండింది. మా అమ్మకి పట్టిందేమిటో నేనే తెలుసుకుంటానని చెప్పి వచ్చి కాలేజీలో చేరింది.

చేరింది గానీ చదువు తలకెక్కలేదు. మొదటి పరీక్ష తప్పింది.

ఆ కాలేజీలో ఒక మంచి అలవాటు ఉండేది. పై తరగతి వాళ్ళు సాయంత్రాలు కింది తరగతి వాళ్ళ పక్కన కూర్చుని చదివించాలి. దాన్ని తోడుచదువు అనేవారు. మేష్టారిని అడగడానికి సిగ్గేసే ప్రశ్న తోటివాళ్ళనైతే అడగొచ్చు. వాళ్ళూ నిన్నగాక మొన్న అక్కడే తడబడి ఉంటారు కాబట్టి నవ్వరు. చారులతకి తోడుగా మేష్టారు సుభాషిణి అనే గోరువంకను పెట్టారు.

సుభాషిణి సామాన్యురాలు కాదు. ఒకసారి విన్నది పొల్లుపోకుండా అప్పజెప్పేది. మేష్టారి గొంతుతో, మేష్టారి దగ్గుతో సహా అప్పజెప్పేది. తన తరగతిలో మొదటి స్థానం దానిదే. ఆ సంగతి అది ఎవరూ మరిచిపోనిచ్చేది కాదు.

మొదటి సాయంత్రం సుభాషిణి భయం పాఠం ఎత్తుకుంది. "మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఒక భాగం ఉంటుంది. ప్రమాదం రాగానే ముందు మేలుకునేది అదే. దాని పక్కనే సముద్రపు గుర్రం ఆకారంలో ఇంకో భాగం ఉంటుంది. జరిగినవి గుర్తుండేలా చేసేది అది" అంటూ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. మధ్యమధ్యలో ఖళ్ళుఖళ్ళుమని దగ్గింది కూడా. చారులత తలూపింది. పాపం, అది సముద్రాన్ని ఎరగదు, గుర్రాన్నీ ఎరగదు. నిజం చెప్పాలంటే సుభాషిణీ ఎరగదు.

అర్థమైందా అని సుభాషిణి అడిగింది. అర్థమైందక్కా అని చారులత అంది.

ఆ మాట మీరు అనలేదా, పిల్లలూ? అంటారు. నేను పాఠం చెప్పినప్పుడు మీ తలలు ఎలా ఊగుతాయో నాకు తెలీదనుకోకండి. మర్నాడు సుభాషిణి అడిగితే చారులతకి గుర్రం ఒక్కటే గుర్తుంది. అది ఎక్కడుందో, ఏం చేస్తుందో మాత్రం తెలీదు.

అయితే ఇలా కాదని సుభాషిణి ఇంకో దారి పట్టింది. పాఠమంతా ముక్క పొల్లుపోకుండా బట్టీ పట్టించింది. చారులత పొద్దునా సాయంత్రం వల్లె వేసింది. తిండి మాని వల్లె వేసింది. చివరికి గడగడా అప్పజెప్పేసింది. సుభాషిణి మురిసిపోయి, ఈసారి పరీక్ష గట్టెక్కినట్టే అంది.

రెండో పరీక్ష రోజున మేష్టారు చారులతని ముందుకు పిలిచి ఒక ప్రశ్న వేశారు. ఒక కుందేలు పాము కాటు నుంచి త్రుటిలో తప్పించుకుంది. మర్నాడు ఎండుతీగను చూసి పరుగు లంకించుకుంది. ఎందుకు?

చారులత కళ్ళు మూసుకుంది. "మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఒక భాగం ఉంటుంది" అని మొదలుపెట్టి, మధ్యలో ఖళ్ళుఖళ్ళుమని దగ్గి, చివరిదాకా చెప్పింది.

"బాగుందమ్మా. కుందేలు ఎందుకు పరిగెత్తింది?" అన్నారు మేష్టారు.

చారులత మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్ళీ అదే చోట దగ్గింది. మేష్టారు చెయ్యెత్తి ఆపారు.

"ఆ దగ్గు నాదమ్మా. నీది ఏమైనా ఉంటే చెప్పు" అన్నారు.

తరగతి తరగతంతా పగలబడి నవ్వింది. చారులత రెండోసారి తప్పింది.

ఆ సాయంత్రం సుభాషిణికి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో అనకూడని మాట అనేసింది. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనంది. చారులత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అది లేచి వెళ్ళిపోలేదు. తోక దులుపుకుని అక్కడే కూర్చుంది. "ఇంకో పరీక్ష ఉందక్కా. నువ్వు ఊదడం ఆపకు" అంది.

ఆ మాటకి సుభాషిణి సిగ్గుపడింది. అన్న మాట వెనక్కి తీసుకోలేం కదా, అందుకని ఏదైనా మేలు చేద్దామనుకుంది. మర్నాడు పొద్దున్నే సారపలుకులు ఏరి, గుట్ట చుట్టూ అక్కడక్కడా దాచిపెట్టింది. తిండి వెతుక్కునే పని తప్పితే పిల్ల ఇంకాస్త చదువుకుంటుందని దాని ఆలోచన. ఏది ఎక్కడ పెట్టిందో చారులతకి గుర్తులతో సహా చెప్పింది. చారులత తలూపి వెళ్ళింది.

చాలాసేపటికి తిరిగొచ్చింది. దాని బుగ్గలు నిండుగా ఉన్నాయి. అన్నీ దొరికాయా అని సుభాషిణి సంతోషంగా అడిగింది.

"నువ్వు పెట్టినవి ఒక్కటీ దొరకలేదక్కా. ఇవి నావి. పోయిన చలికాలం దాచుకున్నవి" అంది చారులత.

సుభాషిణి తెల్లబోయింది. పొద్దున చెప్పిన చోట్లు గుర్తులేవట, ఎప్పుడో చలికాలంలో దాచినవి గుర్తున్నాయట. అదెలా అని నిలదీసింది.

"ఆ చోట్లు నేను చూసుకున్నవి కదా. ఏ వేరు కింద ఎందుకు తవ్వానో నాకే తెలుసు. పైగా అప్పుడప్పుడూ వెళ్ళి వెతికి చూసుకుంటూ ఉంటాను. వెతికిన కొద్దీ గుర్తు గట్టిపడుతుంది. నువ్వు చెప్పినవి విన్నప్పుడు బాగానే ఉంటాయక్కా. అటు తిరిగేసరికి ఉండవు."

సుభాషిణి ముక్కు నేలకి వాల్చేసింది. ఎందుకంటే ఇదే సంగతి దాని పాఠంలో ఉంది. జ్ఞాపకం గురించిన పాఠం. ఒకరు చెప్పగా విన్నది త్వరగా జారిపోతుందనీ, మనంతట మనం వెతికి బయటికి తీసుకున్నది నిలుస్తుందనీ మేష్టారు పోయినేడే చెప్పారు. సుభాషిణి దాన్ని దగ్గుతో సహా అప్పజెప్పి మొదటి స్థానం కొట్టింది. ఒక్కనాడూ వాడలేదు. మందు పేరు వల్లిస్తూ జబ్బుతో పడుకున్నట్టే కదా ఇది.

అది ఎగిరి వెళ్ళి ఒక వేపపుల్ల తెచ్చింది. ఇవాళ్టి నుంచి చదువు వేరేగా ఉంటుందని చెప్పింది. "నేను ఈ పుల్ల కరుచుకుని కూర్చుంటాను. ప్రశ్న అడగడానికే తీస్తాను. చెప్పేది నువ్వు."

పిల్లలూ, గోరువంక నోరు మూసుకుని కూర్చోవడం మాటలు కాదు. చారులత తడబడినప్పుడల్లా సుభాషిణి గొంతు దురద పెట్టేది. తోక టపటపా కొట్టుకునేది. మొదటి సాయంత్రమే పుల్ల పటుక్కున విరిగింది. ఇంకోటి తెచ్చుకుంది. తప్పు చెప్పినా కసరలేదు. అది ఎందుకలా అనుకున్నావని మాత్రం అడిగింది. చారులత చెప్పేది, ఆగేది, మళ్ళీ మొదటికొచ్చేది. ఎన్నో సాయంత్రాలు అలా కుంటుతూనే గడిచాయి. అయినా ఇద్దరిలో ఒక్కరూ మానుకోలేదు.

ఒకరోజు చారులత ఉన్నట్టుండి ఇలా అంది. "ఆ బాదంగింజ భాగం మా చెట్టు మీద కావలి ఉడత లాంటిదక్కా. డేగ కనబడితే కూత పెడుతుంది. డేగ వెళ్ళిపోయింది గానీ మా అమ్మ లోపల కూత ఆగలేదు."

సుభాషిణి పుల్ల తీసింది. మరి ఆగాలంటే ఏం చెయ్యాలని అడిగింది. చారులతకి తెలీలేదు. సుభాషిణికి తెలుసు. తెలిసీ పుల్ల కరుచుకుంది. ఆ పిల్ల రెండు రోజులు మొహం వేలాడేసుకుని తిరిగింది. మూడో రోజు పరిగెత్తుకొచ్చింది.

"భయం లేదు, భయం లేదు అని ఎవరు చెప్పినా కావలి ఉడత వినదక్కా. బయటికి వచ్చి ఏమీ కాలేదని తనే చూసుకోవాలి. ఒక్కసారి చాలదు. కొంచెం కొంచెంగా, మళ్ళీ మళ్ళీ" అంది.

తర్వాత తోక సవరించుకుంటూ, సముద్రపు గుర్రం అంటే ఏమిటని అడిగింది. సుభాషిణి పుల్ల తీసి, నాకూ తెలీదే అంది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుని, మేష్టారి దగ్గరికే వెళ్ళి అడిగారు. అది సముద్రంలో ఉండే ఒక చిన్న చేప అని చెప్పి, ఆయన ఇసుకలో గోటితో బొమ్మ గీశారు. వంకర తిరిగిన చింతకాయలా ఉందే అంది చారులత. ఇక అది మరిచిపోలేదు.

మూడో పరీక్ష దగ్గర పడింది. ఇప్పుడు భయం సుభాషిణిని పట్టుకుంది. చారులత కూడబలుక్కుని చెప్పే మాటలు మేష్టారికి నచ్చుతాయో లేదో. ఇది తప్పితే ఇంటికే. పరీక్ష నాడు పొద్దున అది చారులతని పక్కకి పిలిచింది.

"నువ్వు నోరు కదుపు చాలు. బండ వెనక దాక్కుని నీ గొంతుతో నేను చెబుతాను. దగ్గను కూడా దగ్గను" అంది.

 చారులతకీ భయంగానే ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది.

"పరీక్ష అయితే నీ గొంతుతో గట్టెక్కుతాననుకో అక్కా. మా అమ్మ తొర్ర ముందు నిలబడ్డప్పుడు ఎవరి గొంతు తెచ్చుకోను? నువ్వు పుల్ల కరుచుకో."

సుభాషిణి మారు మాట్లాడకుండా పుల్ల కరుచుకుని కొమ్మ మీద కూర్చుంది.

మేష్టారు అడిగారు. కార్చిచ్చు నుంచి బతికి బయటపడ్డ దుప్పి ఒకటి ఉంది. పొగ వాసన తగిలితే చాలు, కాళ్ళు బిగుసుకుపోయి నిలబడిపోతుంది. దానికి నువ్వేం చేస్తావు?

చారులత తోక కొస పట్టుకుని నిలబడింది. తరగతంతా దానివైపే చూస్తోంది. కొమ్మ మీద సుభాషిణికి జవాబు ముక్కు చివరే ఉంది. పుల్ల విరిగింది. అది రెక్క ముక్కులో కుక్కుకుంది గానీ కిక్కురుమనలేదు.

చారులత కావలి ఉడతను తలుచుకుంది. నెమ్మదిగా మొదలుపెట్టింది. ముందు దుప్పిని మంట దగ్గరికే తీసుకెళ్తానంది. వెంటనే నాలుక కరుచుకుని, కాదు, అలా చేస్తే ఇంకా బెదురుతుంది అంది. దూరంగా, చాలా పల్చటి పొగ దగ్గర మొదలుపెడతానంది. పక్కన కూర్చుంటానంది. ఏమీ కాలేదని దుప్పి చూసుకున్నాకే ఇంకో అడుగు అంది. అలా ఎందుకో కూడా తన మాటల్లోనే చెప్పింది.

 "ఈసారి దగ్గలేదే" అన్నారు మేష్టారు. చారులత గట్టెక్కింది. సుభాషిణి కొమ్మ మీద కన్నీళ్ళు పెట్టుకుంది.

మర్నాడే ఇద్దరూ చారులత వాళ్ళమ్మ ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళారు. ఇరుగుపొరుగు ఉడతలు పోగయ్యాయి. చెయ్యి పట్టి లాగమని ఒకటి, నాలుగు చీవాట్లు పెట్టమని ఒకటి సలహాలిచ్చాయి. సుభాషిణికి పాఠమంతా ఆ తల్లికి చెప్పెయ్యాలనిపించింది. కానీ కిందికి దిగి ఒక పుల్ల ఏరుకుంది.

చారులత ఒక సారపలుకు తొర్ర అంచున పెట్టి పక్కన కూర్చుంది. అమ్మా, ఇవాళ ఎంతవరకు రాగలవని అడిగింది. లోపలి నుంచి చాలాసేపు చప్పుడు లేదు. చారులత తొందరపెట్టలేదు. పొద్దు వాలే వేళకి ఒక ముక్కు బయటికి వచ్చింది. పలుకు అందుకుని లోపలికి పోయింది. ఆ రోజుకి అంతే.

మర్నాడు తల వచ్చింది. తర్వాత ఎన్నాళ్ళకో ముందు కాళ్ళు వచ్చాయి. ఒకనాడు గాలికి ఆకు కదిలి మళ్ళీ మొదటికొచ్చింది. చారులత మళ్ళీ ముక్కు దగ్గర నుంచి మొదలుపెట్టింది. సుభాషిణి రోజూ పుల్ల కరుచుకుని పక్కనే కూర్చుంది.

ఒక ఎండ పొద్దున ఆ తల్లి తొర్ర దాటి, కొమ్మ మీదుగా చెట్టు దిగింది. ఒక వేరు దగ్గర ఆగి తవ్వింది. డేగ రాకముందు తను దాచుకున్న పలుకు బయటికి తీసింది. దాన్ని కొరికి, సగం కూతురి చేతిలో పెట్టింది. తర్వాత తలెత్తి గోరువంకను చూసింది.

"పాపం, ఈ పిట్ట మూగదా అమ్మా?" అని అడిగింది.

చారులత నవ్వింది. "కాదమ్మా. ఈ అడవిలో ఇంత మాటకారి ఇంకొకరు లేరు. మనకోసం ఊరుకుంది."

నీతి: చెప్పేసినంత మాత్రాన నేర్పినట్టు కాదు, ఎదుటివారు తమంతట కనుక్కునేదాకా ఓపికగా పక్కన కూర్చున్నవారే నిజంగా నేర్పినవారు.