రత్నద్వీపంలో నా క్షవరం

ఇవి కోతలనుకునేవాడు ఇప్పుడే లేచి వెళ్లవచ్చు! రత్నద్వీపానికి కూలికి వెళ్లాక, అక్కడ నా జుట్టు మూడు బారలు పెరిగి వీధులూడ్చేది. కత్తిరించుకుంటేనే ఇకమీదట పని ఇస్తానన్నాడు మేస్త్రి. అక్కడ క్షవరానికి ఊరివాళ్లయితే ఒక్క కాసు, పరదేశులైతే పది. నా దగ్గరున్నది ఒక్కటే. అదే ఇస్తానంటే మంగలి ఒప్పుకోక గొడవకు దిగాడు; వాడు పిలిస్తే కొత్వాలే వచ్చాడు.

"పరదేశివి, పది తియ్యరా!" అని గర్జించాడు.

"దొరా, వెంకన్నకు తలనీలాలిచ్చి, నున్నటి గుండుతో మీ రేవులో దిగాను. ఈ జుట్టంతా మీ ఊళ్లోనే పుట్టి, మీ బియ్యంతోనే పెరిగింది. పరదేశిది నా తల. దాన్ని కొయ్యమనడం లేదుగా!" అన్నాను.

కొత్వాలు పగలబడి నవ్వి, ఒక్క కాసే పుచ్చుకోమన్నాడు. అప్పట్నుంచి మనవాళ్లంతా గుండు కొట్టించుకునే ఓడెక్కుతున్నారు. సాక్షి కావాలా? ఆ రోజు నా వెనకే నిలబడ్డ కోరంగి కళాసి పేరమనాయుణ్ణి అడగండి!